మట్టిలోని బాక్టీరియా తయారు చేసే ప్రోటీను నిజంగా తెగులును చంపుతుందా?

పల్నాటి_మిరప
మిరప నారు పోసే రోజులు దగ్గరపడ్డాయి. మందుల షాపులో బాసిల్లస్ సబ్టిలిస్ పొడి ప్యాకెట్టు చేతిలో పెట్టి, ఇందులోని బాక్టీరియా ఒక ప్రోటీను విడుదల చేస్తుందని, అది తగిలితే నారుకుళ్లు, ఎండు తెగులు, ఆకుముడత, చివరకు నల్ల తామర పురుగు కూడా పోతుందని చెప్పారు. ఒకే పొడి ఇన్నింటికి పనిచేస్తుందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. అయితే మా పక్క చేను రైతు కొన్నేళ్లుగా దీన్నే వాడుతూ, నారుమడిలో మొక్కలు చావడం బాగా తగ్గిందని అంటున్నాడు. అసలు అలాంటి ప్రోటీను ఒకటి ఉందా? ఉంటే అది తెగులును ఎలా చంపుతుంది? నేలలో ఉండే మంచి బాక్టీరియాను కూడా చంపేస్తుందా? తెలిసినవారు అర్థమయ్యేలా చెప్పండి. జవాబు ఎంత పెద్దదైనా చదువుతాను.

నర్సరీ_నాగమణి
ఆకుముడత వైరస్ వల్ల వస్తుంది. దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. ఈ పొడికి వైరస్‌తోగాని దోమతోగాని పని లేదు. నల్ల తామర పురుగు సంగతీ అంతే. 2021లో ఆ పురుగు గుంటూరు, ఖమ్మం మిరప తోటలను ఊడ్చేసినప్పుడు ఇలాంటి మాటలు చెప్పి రైతుల చేత ఎన్ని డబ్బాలు కొనిపించారో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నారుకుళ్లు విషయంలో మాత్రం మీ పక్క చేను రైతు మాటను కొట్టిపారేయకండి. నేను ట్రేలలో పోసే కోకోపీట్‌లో కలుపుతున్నాను, తేడా కనిపిస్తోంది.

సూక్ష్మజీవి_మాస్టారు
నాగమణి గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, ఆ పదార్థం గురించి చెబుతాను. అది నిజంగానే ఉంది. ఒకటి కాదు, ఒక్కొక్క బాసిల్లస్ రకం ఇలాంటివి అనేకం తయారు చేస్తుంది. వాటిలో మన పంటలకు ముఖ్యమైనవి సర్ఫాక్టిన్, ఇటురిన్, ఫెంజిసిన్. పప్పులోనో గుడ్డులోనో ఉండే ప్రోటీన్లలో వందలకొద్దీ అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. సర్ఫాక్టిన్‌లోను, ఇటురిన్‌లోను ఉన్నవి కేవలం ఏడు. ఫెంజిసిన్‌లో పది. ఈ చిన్న గొలుసు చుట్టుకుని వలయంగా మారుతుంది, దానికి ఒక కొవ్వు తోక అతుక్కుని ఉంటుంది. అందువల్ల వీటిని లైపోపెప్టైడ్లు అంటారు.

చంపే విధానమంతా ఆ తోకలోనే ఉంది. శిలీంధ్రపు కణాన్ని చుట్టి ఉండే పొర కూడా కొవ్వు పదార్థమే కాబట్టి ఇటురిన్ తోక అందులోకి సులువుగా దిగబడుతుంది. ఆ పొరలో శిలీంధ్రాలకు ప్రత్యేకమైన ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది, ఇటురిన్ దానితో జత కలుస్తుంది. అలా అనేక అణువులు ఒకచోట గుమికూడినప్పుడు పొరకు రంధ్రాలు పడి, కణంలోని పొటాషియం బయటకు కారిపోతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని దారాల్లా సాగవలసిన బూజు కొసలు ఉబ్బి, వంకర తిరిగి, కొన్నిచోట్ల పగిలి కనిపిస్తాయి. ఒక పళ్లెంలో ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం బూజును, దానికి కాస్త దూరంగా బాసిల్లస్ గీతను పెంచితే, బూజు అన్ని వైపులా పెరుగుతూ వచ్చి ఆ గీత దగ్గరకు రాగానే గోడ కట్టినట్టు ఆగిపోతుంది. మధ్యలో ఖాళీగా మిగిలిన ఆ జాగాలో ఈ పదార్థాలే ఉంటాయి.

ఇటురిన్‌ను మొదట గుర్తించింది ఆఫ్రికాలోని కాంగో దేశంలో, ఇటురి ప్రాంతపు మట్టి నుంచి వేరు చేసిన బాసిల్లస్‌లో. ఆ ప్రాంతం పేరే దానికి స్థిరపడింది. సర్ఫాక్టిన్‌ను 1968లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు.

ఎమ్మెస్సీ_వరంగల్
మాస్టారూ, ఒక సందేహం. ప్రోటీన్లన్నీ రైబోజోముల మీదే తయారవుతాయని మాకు చెప్పారు. ఈ ఏడు అమైనో ఆమ్లాల వలయం కూడా అక్కడే తయారవుతుందా? మరి షాపువారు చెప్పిన ప్రోటీను అన్న మాట సరైనదేనా?

సూక్ష్మజీవి_మాస్టారు
అక్కడ తయారు కాదు. ఇవి భారీ ఎంజైముల మీద తయారవుతాయి. ఆ ఎంజైములో వరుసగా భాగాలు ఉంటాయి, ఒక్కొక్క భాగం ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని ఎంచుకుని, ముందు భాగం నుంచి వచ్చిన గొలుసుకు జోడించి, తరువాతి భాగానికి అందిస్తుంది. చివరి భాగం గొలుసును వలయంగా మూసి విడుదల చేస్తుంది. రైబోజోము లేకుండా పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, తయారు కాగలదని ఫ్రిట్జ్ లిప్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం గ్రామిసిడిన్ ఎస్ అనే పెప్టైడ్ మీద చేసిన పరిశోధనల ద్వారా రుజువు చేసింది. ఈ పద్ధతి వల్ల బాక్టీరియాకు గొప్ప స్వేచ్ఛ దొరికింది. రైబోజోము వాడుకునే 20 రకాలకే పరిమితం కాకుండా, అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉండే డీ రకపు అమైనో ఆమ్లాలను కూడా చేర్చుకోగలిగింది. మామూలు ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములు వీటిని అంత తేలికగా కోయలేవు.

అసలైన ప్రోటీన్లూ లేకపోలేదు. కైటినేజ్, గ్లూకనేజ్ అనే ఎంజైములను అనేక మట్టి బాక్టీరియాలు విడుదల చేస్తాయి, అవి శిలీంధ్రపు గోడను కరిగిస్తాయి. కొన్ని బాసిల్లస్ రకాలు సబ్టిలిన్ అనే 32 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను రైబోజోము మీదే తయారు చేసి, తరువాత దాని ఆకృతిని మార్చుకుంటాయి. కాబట్టి షాపువారి మాట పూర్తిగా తప్పు అనను. తప్పంతా దానికి వారు అంటగట్టిన రోగాల జాబితాలో ఉంది.

మందులకొట్టు
ఈ చర్చ చదువుతున్న చాలామంది ఇళ్లలో ఇలాంటి పదార్థాలు ఇప్పటికే ఉన్నాయి. దెబ్బ తగిలితే చల్లే నియోస్పోరిన్ పొడి డబ్బా మీద చిన్న అక్షరాలను చదవండి. పాలిమిక్సిన్ బి, నియోమైసిన్, బాసిట్రాసిన్ అని మూడు పేర్లు ఉంటాయి. మూడూ మట్టి బాక్టీరియా నుంచి వచ్చినవే. నియోమైసిన్ వేరే జాతి పదార్థం గానీ, మిగిలిన రెండూ మాస్టారు చెప్పిన పెప్టైడ్ల కోవలోవే.

బాసిట్రాసిన్ కథ నాకు చాలా ఇష్టం. 1943లో న్యూయార్కులో మార్గరెట్ ట్రేసీ అనే ఏడేళ్ల పాపకు ప్రమాదంలో కాలి ఎముక విరిగి, గాయంలోకి వీధి మట్టి చేరింది. ఆ గాయం నుంచి తీసిన కణజాలంలో ఒక బాసిల్లస్ పెరుగుతూ, తన చుట్టూ ఉన్న చీము బాక్టీరియాను పెరగనివ్వకుండా చేయడం ప్రయోగశాలలో గమనించారు. దాన్నుంచి తీసిన మందుకు బాసిల్లస్‌లోని బాసి, ఆ పాప ఇంటిపేరులోని ట్రేసి కలిపి పేరు పెట్టారు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ పాప పేరు ప్రతి మందుల కొట్టులోనూ ఉంది.

అట్లాంటా_లక్ష్మి
దానికి నాలుగేళ్ల ముందు సంగతి కూడా చెప్పుకోవాలి. 1939లో రెనే డ్యూబో అనే శాస్త్రవేత్త న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో, మట్టిలోని బాసిల్లస్ బ్రెవిస్ నుంచి టైరోథ్రిసిన్‌ను వేరు చేశారు. దానిలో గ్రామిసిడిన్, టైరోసిడిన్ అనే రెండు రకాల పెప్టైడ్లు ఉన్నాయని తరువాత తేలింది. ఆయన వెతికిన తీరే గొప్పది. మట్టిలో రోగకారక బాక్టీరియాను కలిపి, దాన్ని తిని బతకగలిగే జీవి ఏదైనా అందులో ఉంటే అదే బయటపడుతుందని ఎదురుచూశారు. అది బయటపడింది. పెన్సిలిన్ మందుగా ఇంకా చేతికి రాని రోజుల్లో, సూక్ష్మజీవిని సూక్ష్మజీవితోనే ఎదుర్కోవచ్చన్న ధైర్యాన్ని ఇచ్చింది ఈ పని. అయితే గ్రామిసిడిన్ రక్తంలోకి వెళితే ఎర్రకణాలను పగలగొడుతుంది కాబట్టి పైపూతగా మాత్రమే పనికివచ్చింది. పొరకు రంధ్రం చేసే పదార్థానికి ఎవరి పొర అన్న విచక్షణ ఎంత ఉందన్నదే మందుకూ విషానికీ మధ్య తేడా.

పల్నాటి_మిరప
మీ అందరి జవాబులు శ్రద్ధగా చదువుతున్నాను. అయితే లక్ష్మి గారి చివరి మాటతో నా భయం పెరిగింది. విచక్షణ లేకపోతే నా చేలోని వానపాములు, మంచి బాక్టీరియా, మిరప వేర్లు ఏమవుతాయి?

సూక్ష్మజీవి_మాస్టారు
భయపడవలసినంత లేదు. ఈ పదార్థాలు చేనంతా పరచుకోవు. బాసిల్లస్ వేరు మీద పలచని జిగురు పొరలా స్థిరపడి, ఆ చుట్టుపక్కల అతి చిన్న జాగాలోనే వీటిని విడుదల చేస్తుంది. మిగిలిన మట్టిలో ఇవి బంకమన్ను రేణువులకు అతుక్కుపోతాయి, లేదా ఇతర జీవులు తినేస్తాయి. ఒక గ్రాము మంచి మట్టిలో కోట్లాది బాక్టీరియా ఉంటాయి. అవన్నీ లక్షల సంవత్సరాలుగా ఇలాంటి పదార్థాల మధ్యనే బతుకుతూ, తట్టుకునే మార్గాలను సంపాదించుకున్నాయి. మీరు ఎకరాకు వేసే రెండు కిలోల పొడి ఆ సమతూకాన్ని తలకిందులు చేయలేదు. నిజానికి కొత్తగా వచ్చిన మీ బాసిల్లసే అక్కడ బతికి బట్టకట్టడానికి కష్టపడుతుంది.

తయారు చేసిన బాక్టీరియా దాని వల్ల తానే ఎందుకు చావదని ఎవరైనా అడగవచ్చు. ఆ పదార్థాన్ని లోపల నిలవ ఉంచకుండా బయటకు తోసే పంపులు కొన్నింటికి ఉంటాయి, దాని ప్రభావాన్ని అడ్డుకునే రక్షక ప్రోటీను మరికొన్నింటికి ఉంటుంది. బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఇంకో విచిత్రం ఉంది. ఆహారం అయిపోతున్నప్పుడు కొన్ని కణాలు ముందుగా మేలుకుని, ఒక చంపే పెప్టైడ్‌ను, దాని నుంచి తమను కాపాడే ఏర్పాటును ఒకేసారి సిద్ధం చేసుకుంటాయి. ఆ ఏర్పాటు లేని తోబుట్టువులు చచ్చి పగిలిపోతే, వాటిని తిని మొదటివి మరికొంత కాలం గడుపుతాయి. 2003లో ఇది వెల్లడైంది.

కృష్ణాడెల్టా_వరి
మాస్టారూ, మా ఊరి గట్టు తగాదాలు కూడా ఇంత దూరం వెళ్లవు.

నేను అడగదలచింది వేరు. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు వచ్చినప్పుడు మా వైపు స్ట్రెప్టోసైక్లిన్, కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొడతాం. ఈసారి షాపులో ఆ రెండింటితో పాటు సూడోమోనాస్ పొడి కూడా అదే ట్యాంకులో కలిపి కొట్టమన్నారు. కలపవచ్చా?

ఎమ్మెస్సీ_వరంగల్
కలపకూడదు. స్ట్రెప్టోసైక్లిన్‌లో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ ఉన్నాయి. అవి బాక్టీరియాను చంపే మందులు, సూడోమోనాస్ బాక్టీరియా. రాగి కూడా దానికి పడదు. ట్యాంకులోనే అది చచ్చిపోతుంది, మీ డబ్బు వృథా అవుతుంది.

నర్సరీ_నాగమణి
ఇంకో సంగతి. సూడోమోనాస్‌కు బాసిల్లస్‌లాగా స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే కణాలు, ఉండవు. ఎండలో పెట్టిన ప్యాకెట్టులో, వేడెక్కిన రేకుల షెడ్డులో అది నిలవదు. లేబుల్ మీద గ్రాముకు 10 కోట్లు అని రాసి ఉన్నా, కొనే నాటికి ఎన్ని బతికి ఉన్నాయన్నదే లెక్క. తయారీ తేదీ చూడకుండా కొనకండి. బాసిల్లస్ అయితే స్పోరు రూపంలో ఎండనూ వేడినీ చాలావరకు ఓర్చుకుంటుంది. అందుకే నేను దానివైపు మొగ్గాను. నీళ్లలో కలిపి బాగా తిప్పితే నురగ కూడా వస్తుంది, ఆ నురగ సర్ఫాక్టిన్ వల్లేనని కంపెనీ ప్రతినిధి చెప్పాడు.

సూక్ష్మజీవి_మాస్టారు
నాగమణి గారూ, మీ మిగతా మాటలన్నీ సబబుగా ఉన్నాయి, నురగ విషయంలో మాత్రం ఒప్పుకోను. సర్ఫాక్టిన్ నీటి తలతన్యతను 72 నుంచి సుమారు 27 యూనిట్లకు దించుతుంది, చాలా తక్కువ మోతాదులోనే నురగ ఇస్తుంది, అది నిజమే. కానీ మీ ప్యాకెట్టులో ఎక్కువగా ఉన్నది టాల్కం పొడి, నిద్రలో ఉన్న స్పోర్లు. పొడి తడిసి కలిసేందుకు కంపెనీలు వేరే పదార్థాలు కలుపుతాయి, నురగ వాటి వల్ల కూడా రావచ్చు. స్పోరు మేలుకుని, వేరు దగ్గర పెరిగి, గుంపు పెద్దదై, ఆహారం కొరతగా మారే దశలోనే ఈ పెప్టైడ్ల తయారీ జోరందుకుంటుంది. బకెట్టులో కనిపించే నురగను చూసి ప్యాకెట్టు నాణ్యతను నిర్ణయించవద్దు.

అట్లాంటా_లక్ష్మి
మాస్టారు గారి మొదటి జవాబుకు నేను ఒక సవరణ చేర్చాలి. పళ్లెంలో బూజు ఆగిపోవడాన్ని చూసి పొలంలోనూ అదే జరుగుతుందని అనుకోవడం ఈ రంగంలో ఎన్నో ఆశాభంగాలకు కారణమైంది. పళ్లెంలో మనం బాక్టీరియాకు పుష్కలంగా తిండి పెడతాం. మట్టిలో అంత తిండి ఉండదు, అందువల్ల అంత పెప్టైడూ ఉండదు. పళ్లెంలో అద్భుతంగా పనిచేసిన రకాలు చేలో ఏమీ చేయకపోవడం మామూలే. చేలో పనిచేసినవాటిలో కూడా, చంపడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. సర్ఫాక్టిన్ తగిలిన మొక్క తన రక్షణ వ్యవస్థను ముందుగానే సిద్ధం చేసుకుంటుందని, వేరు మీద ఇచ్చిన బాసిల్లస్ ఆకు మీది తెగులును కూడా తగ్గించగలదని పరిశోధనల్లో కనిపించింది. ఆకు దాకా ఆ బాక్టీరియా వెళ్లదు కాబట్టి అది సూటిగా చంపడం కాదు.

సూక్ష్మజీవి_మాస్టారు
ఆ సవరణ అవసరమైనదే. అయితే వేరు ఉపరితలం మిగతా మట్టి లాంటిది కాదు. వేరు చక్కెరలను, అమైనో ఆమ్లాలను ఊరిస్తూ ఉంటుంది, అక్కడ బాసిల్లస్‌కు తిండి దొరుకుతుంది. బాసిల్లస్ పట్టిన వేర్ల మీద సర్ఫాక్టిన్‌ను నేరుగా కొలవగలిగారు. ఇటురిన్, ఫెంజిసిన్ అక్కడ అంత ఎక్కువగా దొరకలేదని మాత్రం ఒప్పుకోవాలి. పెప్టైడ్ జన్యువులను తొలగించిన రకాలు తెగులును అదుపు చేయడంలో వెనకబడ్డాయని కూడా మరిచిపోవద్దు.

పశువైద్యం_ఖమ్మం
ఇప్పటిదాకా చేను చుట్టూ తిరిగిన ఈ చర్చలో కోళ్ల షెడ్డు గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నియోస్పోరిన్‌లో ఉన్న పాలిమిక్సిన్‌కు కొలిస్టిన్ అనే సోదర పదార్థం ఉంది. రెండూ పేనిబాసిల్లస్ పాలిమిక్సా అనే మట్టి బాక్టీరియా నుంచి వచ్చినవే. పది అమైనో ఆమ్లాలు, ఒక కొవ్వు తోక, వలయం మీద ధనావేశాలు. క్లెబ్సియెల్లా, ఈ కోలై వంటి బాక్టీరియాకు బయట ఉండే అదనపు పొరను మెగ్నీషియం, కాల్షియం అయాన్లు కుట్టినట్టు పట్టి ఉంచుతాయి. కొలిస్టిన్ ఆ అయాన్లను నెట్టివేసి, పొరను విప్పేస్తుంది. మిగతా మందులేవీ పనిచేయని రోగికి ఐసీయూలో చివరగా ఇచ్చేవాటిలో ఇది ఒకటి.

అలాంటి మందును ఏళ్ల తరబడి కోళ్లు త్వరగా బరువు పెరగడానికి దాణాలో కలిపారు. రోగం ఉన్నా లేకపోయినా, రోజూ, కొద్ది కొద్దిగా. బాక్టీరియాకు తట్టుకోవడం నేర్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి మరొకటి లేదు. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ఎంసీఆర్-1 అనే జన్యువును పందుల్లో, మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో గుర్తించినట్టు ప్రకటించారు. అది కొలిస్టిన్ అతుక్కునే చోటును మార్చేస్తుంది. పైగా ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ వలయం మీద ఉంటుంది కాబట్టి ఒక బాక్టీరియా నుంచి మరొక జాతి బాక్టీరియాకు చేతులు మారగలదు. మన దేశంలో 2019 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు, దాణాకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని, పంపిణీని నిషేధించింది. నిషేధం మంచిదే. షెడ్డులో గుడ్డిగా మందులు కలిపే అలవాటు మాత్రం నిషేధంతో పోలేదు. నేను వెళ్లే షెడ్లలో వేరే యాంటీబయోటిక్ డబ్బాలు ఇప్పటికీ దాణా గది అరల్లో కనిపిస్తున్నాయి. ఆరోగ్యంగా ఉన్న మందకు మందు ఎందుకని ప్రతిసారీ అడుగుతున్నాను, అడగడం మాననూ.

హైదరాబాద్_శ్రీదేవి
పైన పశువైద్యులు గారు రాసింది చదివి మనసు కలుక్కుమంది. మా మేనమామకు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో క్లెబ్సియెల్లాకు కొలిస్టిన్ ఇచ్చారు. ప్రాణం దక్కింది గానీ, ఆ రోజుల్లో ప్రతి ఉదయం క్రియాటినిన్ రిపోర్టు కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవాళ్లం. మందు పనిచేస్తోందా అన్న ఆత్రం ఒకవైపు, మూత్రపిండాలు తట్టుకుంటున్నాయా అన్న భయం మరోవైపు. అలాంటి మందును కోడి బరువు కోసం దాణాలో పోశారంటే నోట మాట రావడం లేదు. దీన్ని మాత్రగా ఎందుకు ఇవ్వరో ఎవరైనా చెప్పగలరా?

మందులకొట్టు
ఇవి పేగు గోడను దాటి రక్తంలోకి దాదాపుగా వెళ్లవమ్మా. పెద్ద అణువు, ఆవేశాలు ఉన్న అణువు, కాబట్టి అక్కడే ఆగిపోతుంది. అందుకే సెలైనులో ఎక్కిస్తారు. మట్టి బాక్టీరియా నుంచే వచ్చిన వాంకోమైసిన్ సంగతి కూడా ఇంతే. పేగులోనే రోగం ఉన్నప్పుడు మాత్రం అది దాటకపోవడమే మేలవుతుంది. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా తెచ్చే విరేచనాల జబ్బుకు వాంకోమైసిన్‌ను నోటి ద్వారానే ఇస్తారు. మూత్రపిండాల మాటకొస్తే, కొలిస్టిన్ అక్కడి కణాల్లో పేరుకుంటుంది. మీ మేనమామగారికి రోజూ పరీక్ష చేయించడం అందుకే.

గోదారి_చెరువులు
మట్టిలో ఇన్ని ఉన్నప్పుడు కొత్త మందులు ఎందుకు రావడం లేదు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థ మట్టి నమూనాలను వెతికించి, 1948లో ఆరియోమైసిన్‌ను తీసుకువచ్చిందని చదివాను. ఆనాటి పట్టుదల ఇప్పుడు ఏమైంది?

అట్లాంటా_లక్ష్మి
ఆరియోమైసిన్ పెప్టైడ్ కాదు, టెట్రాసైక్లిన్ కుటుంబానికి మొదటిది. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పాత ప్రయోగ క్షేత్రం మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ నుంచి బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నారు. మీ ప్రశ్న మాత్రం సరైనదే. అప్పుడు సులువుగా దొరికేవన్నీ దొరికిపోయాయి. ఎక్కడి మట్టి తెచ్చి పళ్లెంలో పరచినా మళ్లీ మళ్లీ అవే పదార్థాలు బయటపడసాగాయి. మట్టిలోని బాక్టీరియాలో దాదాపు 99 శాతం మన పళ్లాలలో పెరగనే పెరగవు, వాటి దగ్గర ఏముందో తెలుసుకునే దారి లేకపోయింది.

ఆ గోడను దాటిన ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో కిమ్ లూయిస్, స్లావా ఎప్‌స్టీన్ బృందాలు ఐచిప్ అనే చిన్న పలకను తయారు చేశాయి. దానిలోని సన్నని రంధ్రాల్లో ఒక్కొక్క దానిలో ఒక్కొక్క బాక్టీరియా కణం పడేలా చేసి, రెండు వైపులా పలచని పొరలు అతికించి, తిరిగి ఆ మట్టిలోనే పాతిపెడతారు. పొర గుండా మట్టిలోని పోషకాలు లోపలికి వస్తాయి, బాక్టీరియా తన ఇంట్లోనే ఉన్నట్టు పెరుగుతుంది. మేయిన్ రాష్ట్రంలోని ఒక పచ్చిక నేల మట్టితో ఇలా చేసినప్పుడు ఎలెఫ్తీరియా టెర్రే అనే కొత్త బాక్టీరియా, దాని నుంచి 11 అమైనో ఆమ్లాల టీక్సోబాక్టిన్ లభించాయి. 2015 జనవరిలో ఈ విషయం ప్రకటించారు. అది బాక్టీరియా గోడ కట్టుకోవడానికి వాడే లిపిడ్ 2 అనే ముడిసరుకును పట్టేస్తుంది. ఆ ముడిసరుకు ప్రోటీను కాదు కాబట్టి, ఒక జన్యువులో చిన్న మార్పుతో బాక్టీరియా దాన్ని మార్చుకోలేదు.

మందుల కంపెనీల లెక్క కూడా ఉంది. రక్తపోటు మాత్ర జీవితాంతం అమ్ముడవుతుంది, యాంటీబయోటిక్ కొద్ది రోజులే. గొప్ప మందు అయితే డాక్టర్లు దాన్ని దాచి, మిగతా మందులు పనిచేయని రోగికే వాడతారు. అలా వాడడమే న్యాయం, కానీ కంపెనీకి పెట్టిన ఖర్చు తిరిగి రాదు.

పల్నాటి_మిరప
నా ప్రశ్న ఇంత దూరం తీసుకువెళ్లినందుకు అందరికీ కృతజ్ఞతలు. నారుమడికి ఎలా వాడాలో నాగమణి గారు చెబితే ఈ వారమే మొదలుపెడతాను.

నర్సరీ_నాగమణి
విత్తనానికి కిలోకు 10 గ్రాములు పట్టించి నీడలో ఆరబెట్టండి. రసాయన మందు పట్టించిన విత్తనమైతే ముందు ప్యాకెట్టు మీద ఏముందో చదవండి. చేలో వేయడానికి రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీడలో కుప్ప పోసి, తడి ఆరకుండా గోనె సంచులు కప్పి వారం పది రోజులు ఉంచండి. ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రానికి మన వ్యవసాయ శాఖవారు చెప్పే పద్ధతే ఇది, బాసిల్లస్‌కు కూడా నేను ఇదే పాటిస్తున్నాను. కుప్పను మధ్యలో ఒకసారి తిరగేయండి. తెగులు సోకాక కాదు, ముందే వేయాలి. మడిలో నీళ్లు నిలిస్తే ఏ బాక్టీరియా కూడా నారును కాపాడలేదు, మడి ఎత్తుగా చేసుకోండి.

కృష్ణాడెల్టా_వరి
స్ట్రెప్టోసైక్లిన్ మాట మళ్లీ ఎత్తుతున్నాను. సూడోమోనాస్ కలపను సరే, అసలు ఆ మందునే మానేయాలా?

పశువైద్యం_ఖమ్మం
మానేయమనే చెబుతాను. స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగులకు ఇచ్చే మందు. పంటల్లో దీని వాడకాన్ని దశలవారీగా ఆపాలని 2021 డిసెంబరులోనే కేంద్రం ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. ఎండాకు తెగులును తట్టుకునే వరి రకాలు ఉన్నాయి, మన సాంబమసూరికే ఆ తట్టుకునే జన్యువులు చేర్చి హైదరాబాదులో తయారు చేసిన ఇంప్రూవ్డ్ సాంబమసూరి ఉంది. నత్రజని తగ్గించండి.

ఎమ్మెస్సీ_వరంగల్
మాస్టారూ, ఈ చర్చ చదివాక నా ప్రాజెక్టుకు ఇదే అంశం తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. కాలేజీ వెనుక పత్తి చేను మట్టి నుంచి వేరు చేసిన ఒక రకం ఫ్యుజేరియంను బాగా ఆపుతోంది. అది నిజమైన ప్రోటీను వల్లా, లైపోపెప్టైడ్ వల్లా అన్నది పెద్ద యంత్రాలు లేకుండా తేల్చే మార్గం ఉందా?

సూక్ష్మజీవి_మాస్టారు
చాలావరకు తేల్చవచ్చు. బాక్టీరియాను ద్రవంలో పెంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవాన్ని వడకట్టి మూడు భాగాలు చేయండి. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని పది నిమిషాలు మరిగించి, మూడోదానికి ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటీనేజ్ కె ఎంజైము కలపండి. మరిగించినా, ఎంజైము కలిపినా బూజును ఆపే శక్తి తగ్గకపోతే లైపోపెప్టైడ్ అని అనుమానించవచ్చు. కైటినేజ్ వంటి ప్రోటీను అయితే మరిగించేసరికి సాధారణంగా చచ్చుబడుతుంది. తరువాత మిగిలిన ద్రవానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కలు చుక్కలుగా కలిపి పీహెచ్‌ను 2కు దించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. లైపోపెప్టైడ్లు ఉంటే తెల్లారేసరికి అడుగున గోధుమ రంగు మడ్డిలా దిగుతాయి. ఆ మడ్డిని మిథనాల్‌లో కరిగించి, కాగితపు బిళ్ల మీద వేసి, మిథనాల్ పూర్తిగా ఆరాక బూజు మీద పరీక్షించండి. పక్కనే ఒట్టి మిథనాల్ వేసి ఆరబెట్టిన బిళ్ల కూడా ఉండాలి, లేకపోతే ఫలితాన్ని ఎవరూ ఒప్పుకోరు.

ఎమ్మెస్సీ_వరంగల్
నీళ్ల మీద నూనె పొర పోసి ఒక చుక్క వేసే పరీక్ష కూడా చేయవచ్చు కదా? మా ల్యాబులో ముడి చమురు లేదు, బైకులోంచి తీసిన ఇంజన్ ఆయిల్ సరిపోతుందా?

సూక్ష్మజీవి_మాస్టారు
సరిపోతుంది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, పైన పలచగా నూనె పరచి, మధ్యలో మీ ద్రవం చుక్క వేయండి. సర్ఫాక్టిన్ వంటిది ఉంటే నూనె ఒక్కసారిగా పక్కలకు జరిగి మధ్యలో గుండ్రని ఖాళీ ఏర్పడుతుంది. దాని వ్యాసాన్ని స్కేలుతో కొలిచి రాసుకోండి. బాక్టీరియా లేకుండా ఉంచిన ఒట్టి పోషక ద్రవంతో కూడా అదే పరీక్ష చేసి, రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టండి.